రాష్ట్రం దాటిన చదువు: 2020 నియమావళిని విద్యార్థి వైపు నుంచి చదవడం

విమర్శ అనగానే మీకు కావ్యమో, నవలో, నాటకమో గుర్తుకు వస్తుంది. ఈ పాఠంలో మనం విమర్శకు తీసుకుంటున్న రచన అలాంటిది కాదు. అది ఒక గెజిట్ ప్రకటన. విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, 2020 సెప్టెంబరు 4న వెలువరించిన సార్వత్రిక, దూరవిద్యా కార్యక్రమాల, ఆన్‌లైన్ కార్యక్రమాల నియమావళి. మీ ప్రవేశం, మీ పరీక్ష, మీరు చదువుతున్న ఈ పుస్తకం, రేపు మీ చేతికి వచ్చే పట్టా, ఇవన్నీ ఆ రచనకు లోబడి ఉన్నవే. మీ మీద ఇంత అధికారం ఉన్న రచనను మీలో ఎంతమంది చదివి ఉంటారు? చదవకపోతే అది మీ లోపం కాదు. గెజిట్‌లో అది హిందీలోను, ఇంగ్లీషులోను అచ్చయింది. తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థి తనకున్న రక్షణలు ఏమిటో తన భాషలో చదువుకోలేకపోవడం ఈ నియమావళి మీద నా మొదటి అభ్యంతరం.

రెండో అభ్యంతరానికి వ్యాకరణం సాయం తీసుకుందాం. ఏ వాక్యంలోనైనా కర్త ఎవరు, కర్మ ఎవరు అని చూడటం మీకు చిన్నతనం నుంచి అలవాటే. ఈ నియమావళిలో వాక్యం తరవాత వాక్యానికి కర్త ‘ఉన్నత విద్యాసంస్థ’. సంస్థ దరఖాస్తు చేయాలి, సంస్థ ప్రమాణాలు పాటించాలి, సంస్థ వెబ్‌సైట్‌లో వివరాలు పెట్టాలి. విద్యార్థి ఎక్కువగా ‘ని’, ‘కు’ విభక్తులతోనే కనిపిస్తాడు: విద్యార్థిని చేర్చుకోవాలి, విద్యార్థికి తెలియజేయాలి. సంస్థ మాట తప్పినప్పుడు ‘విద్యార్థి’ కర్తగా ఏం చేయవచ్చో చెప్పే వాక్యాల కోసం వెతికితే చాలా తక్కువ దొరుకుతాయి. ఇందులో మంచి నిబంధనలు లేవని నేను అనడం లేదు. చాలా ఉన్నాయి. అవి మిమ్మల్ని ఎక్కడి దాకా కాపాడతాయి, ఎక్కడ వదిలేస్తాయి అన్నదే మన పరిశీలన. ముఖ్యంగా మీరు ఒక రాష్ట్రంలో ఉండి, మీ విశ్వవిద్యాలయం మరో రాష్ట్రంలో ఉన్నప్పుడు.

హద్దు ఎలా వచ్చింది

మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులోనే పుట్టింది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలై, తరవాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టుకుంది. దాని మొదటి ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డి, 1985లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి, అంటే ఇగ్నోకు కూడా మొదటి ఉపకులపతి అయ్యారు. ఒకే వ్యక్తి నడిపిన ఈ రెండు సంస్థలకు పునాది వేరు. ఒకదానిది రాష్ట్ర చట్టం, రెండోదానిది కేంద్ర చట్టం. నేటి చిక్కులకు మూలం ఈ తేడాలోనే ఉంది.

రాజ్యాంగం ఏడో షెడ్యూలు చూడండి. విశ్వవిద్యాలయాలను స్థాపించే అధికారం రాష్ట్ర జాబితాలోని 32వ అంశం. ఉన్నత విద్యా ప్రమాణాలను నిర్ణయించి సమన్వయం చేసే అధికారం కేంద్ర జాబితాలోని 66వ అంశం. విద్య 1976 నాటి 42వ సవరణతో ఉమ్మడి జాబితాలో 25వ అంశంలోకి చేరింది. ఇక 245వ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ చేసే చట్టం ఆ రాష్ట్రానికే వర్తిస్తుంది. కాబట్టి రాష్ట్ర చట్టంతో పుట్టిన విశ్వవిద్యాలయం పక్క రాష్ట్రంలో అధ్యయన కేంద్రం తెరవవచ్చా? చట్టం తర్కం ప్రకారం కుదరదు. ఆచరణలో మాత్రం దశాబ్దాల పాటు తెరిచారు.

మీలో వయసులో పెద్దవారికి ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. బస్టాండు గోడల మీద, కరెంటు స్తంభాల మీద ‘ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ’ అని ప్రకటనలు ఉండేవి. ఎక్కడో ఉత్తరాదిలో ఉన్న విశ్వవిద్యాలయానికి మన పట్టణంలో జిరాక్సు షాపు పైఅంతస్తులో ‘స్టడీ సెంటర్’ ఉండేది. ఫీజు ఆ సెంటర్ వాళ్లకే కట్టాలి, రసీదు వాళ్లే ఇస్తారు. విశ్వవిద్యాలయానికి, ఆ గదికి మధ్య ఉన్న ఒప్పందం ఏమిటో విద్యార్థికి తెలియదు. అప్పట్లో దూరవిద్యను పర్యవేక్షించినది దూరవిద్యా మండలి. అది ఇగ్నో చట్టం కింద ఒక స్టాట్యూటుతో ఏర్పడిన సంస్థ. తాను కూడా దూరవిద్య నడిపే ఒక విశ్వవిద్యాలయం, తోటి విశ్వవిద్యాలయాలకు అనుమతులిచ్చే పనిని తన లోపలి మండలి ద్వారా చేయడం వింత ఏర్పాటు. ఆచార్య మాధవ మీనన్ కమిటీ సిఫారసుల తరవాత 2013లో ఆ మండలిని రద్దు చేసి, బాధ్యతను యూజీసీకి అప్పగించారు. యూజీసీలో దూరవిద్యా విభాగం అలా ఏర్పడింది.

హద్దు గురించి స్పష్టంగా మాట్లాడిన తీర్పు 2005 ఫిబ్రవరి 11న వచ్చింది. ఛత్తీస్‌గఢ్ 2002లో ఒక చట్టం చేసి, కేవలం నోటిఫికేషన్లతో ప్రైవేటు విశ్వవిద్యాలయాలను స్థాపించుకునే వీలు కల్పించింది. స్వల్పకాలంలోనే 112 విశ్వవిద్యాలయాలు కాగితం మీద వెలిశాయి. వాటిలో చాలావాటికి భవనాలు లేవు, అధ్యాపకులు లేరు. ఆచార్య యశ్‌పాల్ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ చట్టంలోని కీలకమైన సెక్షన్లను కొట్టివేసింది. రాష్ట్ర చట్టంతో రాష్ట్రం వెలుపల విశ్వవిద్యాలయం నడపడం కుదరదని కూడా చెప్పింది. అప్పటికే చేరిన విద్యార్థుల ప్రయోజనాలు కాపాడటానికి, ఆయా సంస్థలను అక్కడి పాత ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అనుబంధం చేసే చర్యలు తీసుకోవచ్చని రాష్ట్రానికి సూచించింది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి. సంస్థ కూలిపోయినా విద్యార్థి చదువు కొనసాగడానికి ఒక దారి చూపిన మాట అది. తరవాతి కాలంలో అంత ఉదారంగా ఆలోచించిన సందర్భాలు తక్కువ.

కుంచించుకుపోయిన గీత

2020 నియమావళిలో హద్దు నిబంధన ఇలా ఉంటుంది. రాష్ట్ర విశ్వవిద్యాలయం తన రాష్ట్రం దాటి దూరవిద్య నడపరాదు. ప్రైవేటు విశ్వవిద్యాలయానిదీ అదే స్థితి. కేంద్ర విశ్వవిద్యాలయాల పరిధి వాటి చట్టాలను బట్టి ఉంటుంది. ఏ సంస్థా ఫ్రాంచైజీ పద్ధతిలో కోర్సులు నడపరాదు. అధ్యయన కేంద్రం ఉన్నత విద్యాసంస్థలోనే ఉండాలి, కోచింగ్ సెంటర్‌లో కాదు. ఇంజనీరింగ్, వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, న్యాయశాస్త్రం, వ్యవసాయం వంటివి దూరవిద్యలో బోధించరాదు. పైన చెప్పిన జిరాక్సు షాపు యుగం చూసినవారెవరైనా ఈ నిబంధనలను స్వాగతిస్తారు. నేనూ స్వాగతిస్తున్నాను.

అయితే ఈ గీత ఎవరిని ఆపుతోందో చూడండి. భివండీలో, సూరత్‌లో, షోలాపూర్‌లో మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కుటుంబాలున్నాయి. రాయగడలో, బళ్లారిలో, హోసూరులో తరతరాలుగా తెలుగువారు ఉన్నారు. వాళ్లలో ఒక యువతి తెలుగు మాధ్యమంలో బి.ఏ. చదవాలనుకుంటే తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయం అక్కడ అధ్యయన కేంద్రం పెట్టడానికి వీల్లేదు. ఆమె కౌన్సెలింగ్ తరగతికీ, పరీక్షకూ రైలెక్కి రావాలి. భాష హద్దు, రాష్ట్ర హద్దు ఒకటి కాని దేశంలో, రాష్ట్రం గీతనే చదువు గీతగా వాడితే నష్టపోయేది అలాంటివారే. మోసం చేసే సంస్థకూ, భాషాల్పసంఖ్యాకులకు చదువు చెప్పే ప్రభుత్వ సంస్థకూ ఈ నిబంధన తేడా చూపదు. నియంత్రణకు ఇది సులువు, అందుకే ఇలా రాశారని నా అభిప్రాయం. రెండు ప్రభుత్వాలు, రెండు విశ్వవిద్యాలయాలు ఒప్పందం చేసుకుని, ఒకదాని కేంద్రంలో మరొకదాని విద్యార్థికి తరగతులు, పరీక్షలు పెట్టుకునే వెసులుబాటు కల్పించి ఉండవచ్చు.

గీతే జరిగితే ఏమవుతుందో మనకంటే బాగా తెలిసినవారు లేరు. 2014 జూన్ 2కు ముందు కర్నూలులోనో, శ్రీకాకుళంలోనో అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరిన విద్యార్థి తన సొంత రాష్ట్రపు విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ తేదీ తరవాత అతడు కదలకుండానే అది పొరుగు రాష్ట్రపు విశ్వవిద్యాలయం అయింది. పునర్విభజన చట్టంలోని 75వ సెక్షన్, పదో షెడ్యూలు సంస్థలు రెండో రాష్ట్ర ప్రజలకు కూడా మునుపటి కంటే తగ్గని సౌకర్యాలు అందించాలని చెప్పి, గడువునూ షరతులనూ ఏడాదిలోగా రెండు ప్రభుత్వాలు ఒప్పందంతో తేల్చుకోవాలని వదిలేసింది. కేంద్రాలు చాలా ఏళ్లు నడిచాయి, అది మంచిదే. కానీ అలా నడవడం ఇరుపక్షాల సర్దుబాటు మీద ఆధారపడిందే తప్ప, విద్యార్థి ‘ఇది నా హక్కు’ అని చూపించగల స్పష్టమైన దీర్ఘకాలిక నిబంధన మీద కాదు.

మూల్యం ఎవరు కట్టారు

ఈ విషయంలో మీరు తప్పక తెలుసుకోవలసిన తీర్పు 2017 నవంబరు 3న వచ్చింది. ఒరిస్సా లిఫ్ట్ ఇరిగేషన్ కార్పొరేషన్ కేసు. నేపథ్యం చాలా మామూలుది. డిప్లొమాతో ఉద్యోగంలో చేరినవారు, పని చేసుకుంటూనే ఇంజనీరింగ్ పట్టా తెచ్చుకుని, పదోన్నతి అడిగారు. ఆ పట్టాలు డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చినవి. ఇలాంటి కోర్సులు నడిపిన నాలుగు డీమ్డ్ విశ్వవిద్యాలయాల వ్యవహారం సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. సరైన అనుమతులు లేకుండా, తమ ప్రాంగణాల పరిధి దాటి, ఎక్కడెక్కడో స్టడీ సెంటర్లు పెట్టి ఇంజనీరింగ్ పట్టాలు ఇచ్చాయని తేలింది.

తీర్పు విద్యార్థులను రెండుగా విడదీసింది. 2001 నుంచి 2005 దాకా చేరినవారి పట్టాలను సస్పెండు చేసి, అఖిల భారత సాంకేతిక విద్యామండలి పెట్టే పరీక్ష రాసి నెగ్గితే పునరుద్ధరిస్తామంది. ఆ తరవాతి సంవత్సరాల్లో చేరినవారి పట్టాలను పూర్తిగా రద్దు చేసింది. కట్టిన ఫీజులు తిరిగి ఇవ్వమని విశ్వవిద్యాలయాలను ఆదేశించింది.

చట్టపరంగా ఈ తీర్పును తప్పుపట్టడం కష్టం. ప్రయోగశాల చూడని ఇంజనీరు ఆనకట్ట కట్టకూడదన్న వాదనకు ఎవరైనా తలవంచాలి. నా అభ్యంతరం తీర్పు కంటే ముందు జరిగిన దాని మీద. ఈ కోర్సులు పత్రికల్లో ప్రకటనలిచ్చి బహిరంగంగానే నడిచాయి. నియంత్రణ సంస్థల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు సాగాయి. ఒక సంస్థ వద్దంటే మరొక సంస్థ తరవాత అనుమతినిచ్చినట్టు కాగితాలు పుట్టాయి. అన్ని పెద్ద సంస్థలకు తేల్చడానికి పదహారేళ్లు పట్టిన సంగతిని, డిప్లొమా చదివిన ఉద్యోగి చేరేరోజునే తెలుసుకుని ఉండాలని మనం ఆశించాం. అతనికి తిరిగి వచ్చింది ఫీజు. పోయింది ఆదివారాలు, సెలవులు, పదోన్నతి, కొన్ని చోట్ల ఇంట్లోవారి ముందు మాట.

ఇంకో ఉదాహరణ. తెలుగు విద్యార్థులు కూడా పెద్దసంఖ్యలో చేరిన తమిళనాడు అణ్ణామలై విశ్వవిద్యాలయం దూరవిద్యా కోర్సులకు 2014–15 విద్యాసంవత్సరం దాకానే గుర్తింపు ఉందని యూజీసీ 2022 మార్చిలో బహిరంగ ప్రకటన చేసింది. మధ్య సంవత్సరాల్లో ఎవరి తప్పు ఎంత అన్నది వేరే చర్చ. విద్యార్థి కోణంలో ముఖ్యమైనది తేదీల మధ్య దూరం. గుర్తింపు ముగిసిన ఏడేళ్లకు వచ్చే హెచ్చరిక, ఈ ఏడాది చేరేవారికి ఉపయోగం. ఆ ఏడేళ్లలో చేరి, రాసి, పట్టా తీసుకుని, పబ్లిక్ సర్వీస్ కమిషన్ ధ్రువపత్రాల పరిశీలనలో వరుసలో నిలబడిన వ్యక్తికి అది ఏ రకమైన రక్షణ? యూజీసీ ప్రకటనల్లో తరచు కనిపించే మాట ఒకటుంది: ఇలాంటి ప్రవేశాల వల్ల విద్యార్థుల భవిష్యత్తుకు కలిగే పర్యవసానాలకు సంస్థదే పూర్తి బాధ్యత. వినడానికి సంస్థను నిలదీసినట్టుంటుంది. కానీ ఆ బాధ్యతను ఎలా వసూలు చేయాలో, ఎవరు వసూలు చేసిపెడతారో ఆ వాక్యం చెప్పదు.

ఆన్‌లైన్: గీత చెరిగింది, తలుపు తెరుచుకోలేదు

ఇప్పుడు నియమావళిలోని రెండో సగానికి వద్దాం. దూరవిద్యకు గీసిన గీత ఆన్‌లైన్ కార్యక్రమాలకు లేదు. అర్హత ఉన్న సంస్థ ఆన్‌లైన్ డిగ్రీని దేశంలో ఏ మూలనున్న విద్యార్థికైనా ఇవ్వవచ్చు. అధ్యయన కేంద్రం అక్కర్లేదు, పరీక్ష కూడా పర్యవేక్షణతో ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. నియమావళిలోని 22వ నిబంధన ప్రకారం గుర్తింపు ఉన్న దూరవిద్యా, ఆన్‌లైన్ డిగ్రీలు మామూలు కళాశాల డిగ్రీలతో సమానమని 2022 సెప్టెంబరులో యూజీసీ మళ్లీ గుర్తుచేసింది. ఈ సమానత్వం కోసం నా తరం అధ్యాపకులు చాలాకాలం వాదించారు. ఇది చిన్న విజయం కాదు.

ఒకే పుస్తకంలో ఒకచోట గీత దాటితే నేరం, మరోచోట గీతే లేదు. ఈ రెంటికీ మధ్య తేడా కేవలం సాంకేతికమైనది: పాఠం తపాలాలో వస్తుందా, తెర మీద వస్తుందా అన్నది. ఆచరణలో ఆ తేడా రోజురోజుకూ పలచబడుతోంది. దూరవిద్యా విద్యార్థి కూడా వీడియో పాఠాలు వింటున్నాడు, ఆన్‌లైన్ విద్యార్థికి కూడా పుస్తకాలు కొరియర్‌లో వస్తున్నాయి. అంతకంటే ముఖ్యమైన సంగతి, గీత తీసేసినప్పుడు విద్యార్థి ఫిర్యాదు ఎక్కడికి వెళ్లాలన్న ప్రశ్నకు కొత్త జవాబు రాయకపోవడం.

ఒక ఊహ చేసి చూద్దాం. మీరు నల్గొండలో ఉన్నారు. వెయ్యి కిలోమీటర్ల అవతల ఉన్న విశ్వవిద్యాలయంలో ఆన్‌లైన్ ఎం.బి.ఏ.లో చేరారు. రెండో సెమిస్టర్ ఫలితాలు ఇవ్వలేదు, మానేస్తానంటే ఫీజు తిరిగి ఇవ్వలేదు. మీకున్న దారులు ఇవీ.

మొదటిది విశ్వవిద్యాలయం లోపలి దారి. 2023 ఏప్రిల్‌లో వచ్చిన విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నియమావళి ప్రకారం ప్రతి సంస్థలో విద్యార్థి ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అది 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. దానితో తృప్తి లేకపోతే అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయవచ్చు, అక్కడ 30 రోజుల గడువు. ప్రాస్పెక్టస్‌లో తప్పుడు సమాచారం, ధ్రువపత్రాలు ఆపేయడం, ఫీజు తిరిగి ఇవ్వకపోవడం, ఫలితాల ఆలస్యం, ఇవన్నీ ఫిర్యాదు చేయదగ్గవే. కాగితం మీద ఇది మంచి ఏర్పాటు, దీన్ని వాడుకోమనే నేను మీకు చెబుతాను. కానీ ఆ అంబుడ్స్‌పర్సన్‌ను నియమించేది ఆ విశ్వవిద్యాలయమే. పదవీ విరమణ చేసిన ఉపకులపతి, ఆచార్యుడు లేదా జిల్లా జడ్జి ఆ స్థానంలో ఉంటారు. వారి నిజాయితీని శంకించనక్కర్లేదు, నేనూ ఆ వర్గంలోని వాడినే. అయినా తగాదాలో ఒక పక్షం నియమించిన మధ్యవర్తి దగ్గరికి రెండో పక్షం వెళ్లాల్సి రావడం మన ఊరి పంచాయతీలో కూడా ఎవరూ ఒప్పుకోరు.

రెండోది వినియోగదారుల కమిషన్. 2019 చట్టంలో ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఫిర్యాదుదారు తాను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. నల్గొండ వ్యక్తి నల్గొండలోనే. ఫ్రిజ్ పాడైతే ఈ హక్కు మీది. డిగ్రీ పాడైతే? చదువు సరుకు కాదని, విశ్వవిద్యాలయాలు ఈ చట్టం కిందికి రావని వాదించే తీర్పులున్నాయి. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ మను సోలంకి కేసులో అదే చెప్పింది. కోచింగ్ సెంటర్లను మాత్రం ఆ మినహాయింపులో చేర్చలేదు. ఆ ప్రశ్నను పరిశీలించడానికి సుప్రీంకోర్టు అదే ఏడాది అప్పీలును స్వీకరించింది. అంటే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌ను మీరు మీ జిల్లా కమిషన్‌కు లాగవచ్చు గాని, డిగ్రీ ఇచ్చే విశ్వవిద్యాలయాన్ని లాగడం సందేహాస్పదం. చదువు సరుకు కాదన్న మాటలోని గౌరవం నాకు ఇష్టమే. ఆ గౌరవాన్ని లక్షల రూపాయల ఫీజుతో, సెలబ్రిటీ ప్రకటనలతో, ‘ఈ రాత్రితో ఆఫర్ ముగుస్తుంది’ అన్న ఫోన్ కాల్స్‌తో డిగ్రీ అమ్మేవారు కవచంగా వాడుకోవడం ఇష్టం లేదు.

మూడోది హైకోర్టు. 226వ అధికరణం రెండో క్లాజు ప్రకారం వ్యాజ్య కారణంలో కొంత భాగమైనా మీ రాష్ట్రంలో జరిగి ఉంటే మీ హైకోర్టులోనే రిట్ వేయవచ్చు. కానీ ఆన్‌లైన్ చదువులో ఏది ఎక్కడ జరిగింది? మీరు ఫీజు కట్టింది నల్గొండలో, అది చేరింది మరో రాష్ట్రంలోని ఖాతాలో, సర్వర్ ఇంకెక్కడో. ప్రాస్పెక్టస్ చివరి పేజీలో చిన్న అక్షరాలతో, వివాదాలన్నీ తమ నగర న్యాయస్థానాల పరిధిలోకే వస్తాయని ఉంటే వాదన ఇంకా చిక్కుపడుతుంది. విద్యార్థికి లాయరు ఫీజు డిగ్రీ ఫీజును మించిపోతుంది.

మొత్తం ఏర్పాటు విశ్వవిద్యాలయం చిరునామా చుట్టూ అల్లి ఉంది. విద్యార్థి చిరునామా దరఖాస్తు ఫారంలో తప్ప మరెక్కడా లెక్కలోకి రావడం లేదు. ఈ నియమావళి మీద నా ప్రధాన విమర్శ ఇదే.

అమెరికాలో ఇదే తగాదా

ఈ ప్రశ్న మనకొక్కరికే రాలేదు. అమెరికాలో విద్య ప్రధానంగా రాష్ట్రాల వ్యవహారం. ఒక రాష్ట్రపు కళాశాల మరో రాష్ట్రపు విద్యార్థికి ఆన్‌లైన్‌లో బోధిస్తే, విద్యార్థి ఉన్న రాష్ట్రం అనుమతి కూడా తీసుకోవాలని 2010లో కేంద్ర విద్యాశాఖ నిబంధన తెచ్చింది. 2012లో అప్పీలు కోర్టు దూరవిద్యకు సంబంధించిన ఆ భాగాన్ని కొట్టివేసింది. యాభై రాష్ట్రాల అనుమతుల కోసం యాభై దరఖాస్తులు పెట్టలేక తల పట్టుకున్న కళాశాలలకు ‘సారా’ అనే పరస్పర ఒప్పందం దొరికింది. సొంత రాష్ట్రం ఆమోదిస్తే సభ్య రాష్ట్రాలన్నీ ఆమోదించినట్టే. కాలిఫోర్నియా తప్ప తక్కిన రాష్ట్రాలన్నీ చేరాయి.

ఈ ఒప్పందంలో విద్యార్థి ముందు కళాశాలకు, తరవాత కళాశాల ఉన్న రాష్ట్రపు సంస్థకు ఫిర్యాదు చేయాలి. తాను ఉన్న రాష్ట్రంలో విద్యార్థులను కాపాడే కఠినమైన ప్రత్యేక చట్టాలున్నా, అవి బయటి కళాశాలకు చాలావరకు వర్తించవు. వినియోగదారుల హక్కుల కార్యకర్తలు ఏళ్ల తరబడి దీన్నే విమర్శిస్తున్నారు: మెతకగా ఉండే రాష్ట్రంలో ఇల్లు కట్టుకుని దేశమంతా వ్యాపారం చేయవచ్చని. మన విమర్శకు చాలా దగ్గరి మాట ఇది.

2019లో జరిగిన సంగతి మాత్రం మనం పాఠంగా తీసుకోవచ్చు. కోర్టు ఆదేశంతో ఒక కేంద్ర నిబంధన అమల్లోకి వచ్చింది. విద్యార్థి నివసించే రాష్ట్రంలో అతని ఫిర్యాదు వినే ఏర్పాటు ఉంటేనే, అతనికి కేంద్ర విద్యా సహాయం, రుణాలు అందుతాయి. సారాలో చేరని కాలిఫోర్నియాలో, బయటి ప్రభుత్వ, లాభాపేక్ష లేని కళాశాలల్లో చదివే విద్యార్థులకు అలాంటి ఏర్పాటు లేదని ఆ జులైలో కేంద్రం ప్రకటించింది. సుమారు 80,000 మంది సహాయం ప్రమాదంలో పడిందని పత్రికలు రాశాయి. కొద్ది వారాల్లోనే ఆ రాష్ట్రం తన వినియోగదారుల శాఖ ద్వారా ఫిర్యాదులు తీసుకునే పద్ధతి పెట్టుకుంది. ఏళ్లుగా కుదరనిది, డబ్బు ఆగుతుందనగానే వారాల్లో కుదిరింది. కాలిఫోర్నియాలో మరొక ఏర్పాటు కూడా ఉంది. లాభాపేక్షతో నడిచే కళాశాల మూతపడినా, మోసం చేసినా అక్కడి విద్యార్థుల నష్టం తీర్చడానికి ఒక ఫీజు పరిహార నిధి. మన నియమావళిలో అలాంటి నిధి లేదు. అమెరికా పద్ధతి అంతా మేలని నేను చెప్పను. అక్కడి విద్యార్థుల అప్పుల కథ వేరే పాఠమే అవుతుంది.

మన నియమావళికి చేయవలసిన మార్పు పెద్దదేమీ కాదు. ఆన్‌లైన్ అనుమతి కోరే ప్రతి సంస్థా, ఏ రాష్ట్రాల నుంచి విద్యార్థులను చేర్చుకుంటుందో ఆ రాష్ట్రాల ఉన్నత విద్యామండలిలో ఫిర్యాదుకు జవాబిచ్చేందుకు లిఖితపూర్వకంగా ఒప్పుకోవాలి. అంబుడ్స్‌పర్సన్ నియామకం విశ్వవిద్యాలయం చేతిలోంచి తీసేయాలి. ఫీజులో చిన్న భాగం పరిహార నిధికి వెళ్లాలి. గుర్తింపు పోయినప్పుడు యశ్‌పాల్ తీర్పు సూచించినట్టు, మిగిలిన సెమిస్టర్లు మరో విశ్వవిద్యాలయంలో పూర్తిచేసే దారి ముందే నిబంధనలో ఉండాలి. 2025లో మనస్తత్వశాస్త్రం, పోషకాహారం వంటి ఆరోగ్య సంబంధ సబ్జెక్టుల్లో కొత్త ప్రవేశాలు ఆపమని యూజీసీ చెప్పినప్పుడు ఈ అవసరం మళ్లీ కళ్లకు కట్టింది. నిర్ణయానికి కారణాలు ఉండవచ్చు. ఆ సబ్జెక్టులో డిగ్రీ చేసి, దూరవిద్యలోనే పి.జి. చేద్దామనుకున్న గృహిణికి ప్రత్యామ్నాయం ఏమిటో చెప్పవలసిన బాధ్యత కూడా నిర్ణయం తీసుకున్నవారిదే.

ఈలోగా మీరు చేయగలవి కొన్ని ఉన్నాయి. గుర్తింపు విశ్వవిద్యాలయానికి గంపగుత్తగా రాదు. కోర్సు వారీగా, సంవత్సరం వారీగా, దూరవిద్యకు వేరుగా, ఆన్‌లైన్‌కు వేరుగా వస్తుంది. యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైట్‌లో మీరు చేరే సెషన్, మీ కోర్సు రెండూ ఉన్నాయో లేదో చూసి, ఆ పేజీని తేదీతో సహా అచ్చు తీసి దాచుకోండి. 2024 సెప్టెంబరు సెషన్ నుంచి ప్రతి విద్యార్థి ఆ పోర్టల్‌లో డెబ్ ఐడీ తీసుకోవాలి. దాన్ని మీరే తీసుకోండి, ఏజెంటుకు మీ ఫోను ఇవ్వకండి. రిజిస్ట్రారు, అంతర్గత నాణ్యతా కేంద్రం డైరెక్టరు సంతకాలతో ఉమ్మడి ధ్రువీకరణ విశ్వవిద్యాలయం వెబ్‌సైట్‌లో ఉండాలి. లేకపోతే ఎందుకు లేదో రాతపూర్వకంగా అడగండి. ఎడ్యుటెక్ కంపెనీల ద్వారా ఫ్రాంచైజీ డిగ్రీలు చెల్లవని యూజీసీ, సాంకేతిక విద్యామండలి 2022 జనవరిలోనే హెచ్చరించాయి. ఫీజు కంపెనీ ఖాతాలో వేయమన్నారంటే అక్కడే ఆగండి. మీ అసలు ధ్రువపత్రాలను ఎవరి దగ్గరా ఉంచకండి. వాటిని ఆపే అధికారం సంస్థకు లేదని యూజీసీ 2018లోనే చెప్పింది.

అభ్యాసం: మీ ప్రస్తుత కోర్సు ప్రాస్పెక్టస్ తీసుకోండి. అందులో విశ్వవిద్యాలయం కర్తగా ఉన్న వాక్యాలు, మీరు కర్తగా ఉన్న వాక్యాలు వేరువేరుగా రాయండి. వివాదాలు ఏ నగర న్యాయస్థానాల పరిధిలోకి వస్తాయని రాశారో గుర్తించండి. మీ ఇంటి నుంచి ఆ నగరానికి వెళ్లి రావడానికి ఎన్ని రోజులు, ఎంత ఖర్చు అవుతుందో లెక్కవేసి, మీ ఒక సెమిస్టర్ ఫీజుతో పోల్చి, ఫలితాన్ని తరవాతి కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.